రావలసిన జవాబు, వచ్చిన జవాబు

పిల్లల సంచిలో ఉండే పుస్తకాలన్నిటిలోకీ బరువైనదీ, ముస్తాబైనదీ, ఎవరూ చదవనిదీ ఏదంటే సైన్సు రికార్డు. దానికి జరిగే మర్యాద తెలుగు వాచకానికి కూడా జరగదు. గోధుమరంగు అట్ట, దానిమీద లేబులు, లేబులు మీద గుండ్రని అక్షరాలు. లోపల ఒకవైపు తెల్లకాగితం, ఒకవైపు గీతల కాగితం. తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మ, గీతల కాగితం మీద సిరాతో ఉద్దేశ్యం, పరికరాలు, పద్ధతి, పరిశీలనలు, ఫలితం, జాగ్రత్తలు. ప్రతి ప్రయోగం చివరా మేష్టారి పొట్టి సంతకం. ఆ సంతకం పడ్డాక ఆ పేజీని మళ్ళీ ఎవరైనా తెరిచి చదివితే అది దైవఘటన.

ప్రాక్టికల్ పరీక్షలకి బయటి పరీక్షకుడిగా వెళ్ళే ఉద్యోగధర్మం వల్ల నాకు అలాంటి రికార్డులు వందలకొద్దీ తిరగేసే యోగం పట్టింది. ఒక తరగతిలో నలభై రికార్డులుంటే చేతివ్రాతలు నలభై, రచయిత మాత్రం ఒక్కడే. ఆ రచయిత కిందటేడు పాసై వెళ్ళిపోయిన ఏ అన్నయ్యో అక్కయ్యో. ఆ అన్నయ్యకి అంతకు ముందేడు ఇంకో అన్నయ్య ఇచ్చాడు. సూతుడు శౌనకాది మునులకు చెప్పినట్టు, ఆ సూతుడికి ఇంకెవరో చెప్పినట్టు, రికార్డు అలా పరంపరగా దిగివస్తుంది. ఇప్పుడు చేతులు మారే శ్రమ కూడా లేదు, ఫోనులో ఫొటో తీసి పంపుకుంటున్నారు. మూలగ్రంథంలో ఎవరో తొందరలో ‘మిల్లీమీటరు’ బదులు ‘మిల్లీలీటరు’ అని రాశారనుకోండి, పదేళ్ళ తర్వాత కూడా ఆ ఊరి పిల్లలు దారం పొడవుని మిల్లీలీటర్లలోనే కొలుస్తూ ఉంటారు.

ఇక భాష సంగతి. రికార్డు తెలుగులో ‘బడు’ ధాతువు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. “ఒక బీకరు తీసుకొనబడినది. అందులో నీరు పోయబడినది. అది వేడి చేయబడినది.” ఎవరు తీసుకున్నారు? ఎవరు పోశారు? గదిలో నరమానవుడు లేనట్టూ, బీకరు తనంతట తనే నడిచివచ్చి స్టాండు మీద కూచున్నట్టూ ఉంటుంది. రెండో రకం ఇంకా బాగుంటుంది. “ఒక పరీక్షనాళికను తీసికొనుము. అందు కొంచెము ఆమ్లమును పోయుము.” పాఠ్యపుస్తకం పిల్లవాడికిచ్చిన ఆజ్ఞని పిల్లవాడు ఉన్నదున్నట్టు మేష్టారికి తిప్పికొడుతున్నాడన్న మాట. ఆ వాక్యాలు చదివినప్పుడల్లా, లేచి వెళ్ళి ఆ నాళిక ఏదో తెచ్చివ్వాలేమోనని నాకు కంగారుగా ఉండేది.

ఇంతకీ ఈ ఉద్దేశ్యం, పద్ధతి, పరిశీలన అనే వరస ఎవరు పెట్టారు? ఏదో ఒక విద్యాశాఖ సర్క్యులరులో పుట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. దాని మూలం కోసం పదిహేడో శతాబ్దపు ఇంగ్లండుకి పోవాలి.

1660వ సంవత్సరంలో రాబర్ట్ బాయిల్ అనే ఆయన గాలి గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. గాజుబుడ్డి లోంచి గాలిని తోడేసే పంపు ఒకటి ఆయన చేయించుకున్నాడు. దాని తయారీలో ఆయనకి సాయపడ్డవాడు రాబర్ట్ హుక్. ఆ బుడ్డిలో కొవ్వొత్తి పెట్టి, గడియారం పెట్టి, పిట్టని పెట్టి, గాలి తీసేస్తే ఏమవుతుందో చూశాడు. అలాంటివి 43 ప్రయోగాలు. అయితే ఆయనకో చిక్కు వచ్చింది. ఆ పంపు లాంటిది లోకంలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. చదివేవాడు తనే చేసి చూసుకుందామంటే వీలులేదు. మరి నమ్మడం ఎలా? అందుకని బాయిల్ ఒక ఉపాయం పట్టాడు. పంపు ఎలా కట్టారు, ఎక్కడ గాలి కారింది, ఎంతసేపు ఓపిక పట్టాల్సి వచ్చింది, ఏ ప్రయోగం కుదరలేదు, అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. చదివేవాడు ఆ గదిలో, ఆ పంపు పక్కన నిలబడి చూసినట్టుండాలని ఆయన తాపత్రయం. ఆ మరుసటి ఏడు, అంటే 1661లో, కుదరని ప్రయోగాల గురించే ప్రత్యేకంగా రెండు వ్యాసాలు రాసి అచ్చేయించాడు. అదే మన రికార్డుల్లో అయితే, కుదరని ప్రయోగం అన్నది భూమ్మీద ఇంతవరకూ జరగలేదు!

అన్నట్టు, బాయిల్ ‘నేను’ అనే రాసుకున్నాడు. నేను పోశాను, నేను చూశాను, నాకు అనుమానం వచ్చింది. ‘పోయబడినది’ అన్న గాంభీర్యం సైన్సుకి చాలా తర్వాత పట్టుకున్న జబ్బు.

బాయిల్ గాలి మీద ఒత్తిడి పెంచితే దాని ఘనపరిమాణం తగ్గుతుందన్న సూత్రాన్ని మనం హైస్కూల్లోనే చదువుకుంటాం. ఆ సూత్రానికి ఆధారమైన పట్టిక 1662లో అచ్చయింది. నా మట్టుకు నాకు, ప్రతి స్కూలు ప్రయోగశాలలోనూ గోడకి కట్టవలసిన పటం అదే. వంపుతిరిగిన గాజుగొట్టంలో పాదరసం పోస్తూ, మూసిన కొసలో చిక్కుకున్న గాలి ఎంత మేర కుదించుకుపోయిందో, దానిమీద ఎన్ని అంగుళాల పాదరసం ఒత్తిడి ఉన్నదో ఆయన కొలిచాడు. పట్టికలో ఒక గడి తను కొలిచిన ఒత్తిడికి. దాని పక్కనే ఇంకో గడి, తను అనుకున్న సూత్రమే నిజమైతే రావలసిన ఒత్తిడికి. రెండూ పక్కపక్కనే. గాలి మేర పదకొండున్నర దగ్గర కొలిచినది ముప్పై అంగుళాలా పదహారింట తొమ్మిది పాళ్ళు. రావలసింది ముప్పై అంగుళాలా పదహారింట ఆరు పాళ్ళు. మూడు పాళ్ళ తేడా. ఆ మూడు పాళ్ళనీ ఆయన చెరపలేదు, సర్దలేదు. అచ్చులో పెట్టి లోకానికి చూపించాడు. చూసినవాళ్ళెవరూ బాయిల్‌కి మార్కులు తగ్గించలేదు. తేడాలు అంత చిన్నవిగా, ఓసారి అటూ ఓసారి ఇటూగా ఉండబట్టే సూత్రం మీద నమ్మకం కుదిరింది.

అప్పుడే లండన్‌లో రాయల్ సొసైటీ పుట్టింది. ఎవరో పెద్దవాడు చెప్పాడు గనక నమ్మేది లేదని దాని ఆదర్శవాక్యం. 1665 నుంచి ఆ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ ఒక పత్రిక నడపడం మొదలుపెట్టాడు. చూసింది చూసినట్టు రాసి పంపడం, చదివినవాడు మళ్ళీ చేసి చూడడం, అలా ఒక సంప్రదాయం ఏర్పడింది.

ఇది బడిపిల్లల దాకా రావడానికి మరో రెండు వందల ఏళ్ళు పైగా పట్టింది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు 1880లలో ఒక నిబంధన పెట్టారు. కాలేజీలో చేరదలచుకున్న కుర్రాళ్ళు హైస్కూల్లోనే నలభై భౌతికశాస్త్ర ప్రయోగాలు స్వయంగా చేసి, ఆ నోటుబుక్కు చూపించవచ్చునన్నారు. ఆ నలభై ప్రయోగాల జాబితా తయారుచేసినవాడు ఎడ్విన్ హాల్. కాలేజీలో ఫిజిక్సు చదివినవాళ్ళకి ‘హాల్ ఎఫెక్ట్’ అంటే తెలుస్తుంది, ఆ హాలే. ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంకా ముందుకుపోయాడు. పిల్లవాడికి జవాబు ముందు చెప్పనే కూడదు, వాడే కనిపెట్టాలి అన్నాడు. ప్రయోగం చేస్తున్న బల్ల దగ్గరే, చేస్తున్నప్పుడే, సొంతమాటల్లో రాయాలన్నాడు. ఇంటికి వెళ్ళి శుభ్రంగా రాసుకొచ్చేదాని మీద ఆయనకి నమ్మకం లేదు. ఆయన మాట పూర్తిగా చెల్లలేదనుకోండి. అన్నీ పిల్లలే కనిపెట్టాలంటే న్యూటన్‌కి పట్టినంత కాలం వాళ్ళకీ పడుతుందని ఎద్దేవా చేసినవాళ్ళున్నారు. కాని ప్రయోగాలు, ప్రాక్టికల్ పరీక్షలు, నోటుబుక్కు మాత్రం నిలబడ్డాయి. మన కాలేజీలకూ, ఆనక హైస్కూళ్ళకూ వచ్చాయి. రావడంలో ఒక మార్పు జరిగింది. అక్కడ ప్రయోగానికి ఆనవాలుగా పుట్టిన పుస్తకం, ఇక్కడ చాలాచోట్ల ప్రయోగానికి బదులుగా నిలిచింది.

ఉదాహరణకి లఘులోలకం తీసుకోండి. దారానికి కట్టిన లోహపు గుండు, దాన్ని పట్టుకునే స్టాండు, ఒక స్టాప్‌క్లాకు. గుండు ఇరవైసార్లు ఊగడానికి పట్టే కాలం కొలిచి, దానినుంచి భూమి గురుత్వ త్వరణం లెక్కగట్టడం. ఇంత చవకలో భూమిని తూచే ఉపాయం మరొకటి లేదు. పిల్లలు దీన్ని నిజంగానే చేస్తారు. చేశాక ఫలితం దగ్గర అందరూ 980 అని రాస్తారు. కొందరు ముచ్చటకి 979.8 అని రాస్తారు.

ఒక పరీక్షలో ఒక అమ్మాయి రికార్డు చూస్తున్నాను. లోలకం పొడవు వంద సెంటీమీటర్లు. ఇరవై డోలనాలకి మూడుసార్లు కొలిచిన కాలం: 40.1, 40.1, 40.2 సెకన్లు. ముత్యాల్లాంటి అంకెలు. కాగితం కిటికీ వెలుతురుకి కాస్త ఏటవాలుగా పట్టుకునేసరికి వాటికింద వేరే అంకెలు కనపడ్డాయి. పెన్సిలుతో నొక్కిరాసి, తర్వాత రబ్బరుతో చెరిపితే నలుపు పోతుంది గాని నొక్కు పోదు. చదివితే 39.8, 40.3, 40.4.

“ఇవేమిటమ్మా?” అన్నాను.

“అవి తప్పండి సార్.”

“తప్పని ఎవరు చెప్పారు?”

“980 రావాలి కదండీ,” అంది, ఇంత చిన్నవిషయం మీకు తెలియదా అన్నట్టు.

ఆ అమ్మాయిని నేనేమీ అనలేదు. అనడానికేముంది? ఆ బడిలో అంకెకే మార్కులిస్తారని ఆమెకి తెలుసు. పరీక్ష అయ్యాక కూర్చుని లెక్క వేశాను. ఆమె చెరిపేసిన మూడు కొలతల సగటు తీసి లెక్కకడితే 978.8 వస్తుంది. వాటిమీద రాసిన మూడిటికీ లెక్కకడితే 980.4. ఇప్పుడు తమాషా వినండి. భూమి గురుత్వ త్వరణం ప్రతిచోటా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. మన తెలుగుదేశం పదహారు, పదిహేడు అక్షాంశాల ప్రాంతంలో ఉన్నది గనక ఇక్కడ అది సుమారు 978.4. సరిగ్గా 980 కావాలంటే ముప్పై ఎనిమిదో అక్షాంశానికి, అంటే ఏ గ్రీసు దేశపు ఏథెన్సుకో వెళ్ళి లోలకం ఊపుకోవాలి. మన పిల్లలు తమ ఊళ్ళో వచ్చిన అంకెని చెరిపి, ఏథెన్సు అంకెని వేసి, దానికి మార్కులు తెచ్చుకుంటున్నారన్న మాట.

ఆ అమ్మాయి కొలతలకి జవాబు అంత దగ్గరగా రావడం అదృష్టమేననుకోండి, ఆ సంగతి దాచను. చేత్తో స్టాప్‌క్లాకు నొక్కడంలో పావు సెకను అటూఇటూ అవడం మామూలు. ఇరవై డోలనాల్లో పావు సెకను తేడా వస్తే, జవాబులో పన్నెండు తేడా వస్తుంది. కాబట్టి 966 వచ్చిన పిల్లవాడూ, 991 వచ్చిన పిల్లవాడూ ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ ప్రయోగం సరిగ్గా చేసినవాళ్ళే. నలభైమందికి నలభై 980లు వచ్చిన తరగతిలోనే ఏదో జరిగిందని అనుమానించాలి.

లోలకం విషయంలో ఈ సర్దుబాటు నాకు మరీ బాధగా ఉండడానికి కారణం ఉంది. భూమి ఆకారమే ఇలాంటి ఒక చిన్న తేడా వల్ల బయటపడింది. 1672లో ఫ్రాన్సు నుంచి జాన్ రిషే అనే ఖగోళశాస్త్రజ్ఞుణ్ణి దక్షిణ అమెరికాలోని కయెన్‌కి పంపారు. భూమధ్యరేఖకి అయిదు డిగ్రీల దూరంలో ఉన్న ఊరది. పారిస్‌లో సరిగ్గా సెకనుకొకసారి కొట్టుకునే లోలకం అక్కడ నిదానించింది. సరిగ్గా కొట్టుకోవాలంటే దాని పొడవు ఒకటింపావు ‘లీన్యు’ తగ్గించాల్సి వచ్చింది. లీన్యు అంటే ఆనాటి ఫ్రెంచి కొలతల్లో అంగుళంలో పన్నెండో వంతు. అంతా కలిపి మన లెక్కలో మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. దారం ముడి కాస్త గట్టిగా బిగిస్తే సరిపోయే తేడా. రిషే దాన్ని సర్దుకోలేదు. వారం వారం, పది నెలలపాటు మళ్ళీ మళ్ళీ కొలిచి, అదే వస్తోందని రాసుకుని తిరిగివచ్చాడు. వేడికి లోహం సాగి ఉంటుందని కొందరు శంకించారు. వేడికి అంత సాగదని, భూమి తిరుగుతూ నడుం దగ్గర ఉబ్బడమే ముఖ్యకారణమని న్యూటన్ తన గ్రంథంలో వివరించాడు. రిషే మన బడిలో చదివి ఉంటే పారిస్ పొడవే వేసి వచ్చేవాడు.

పిల్లల్నే అనడం దేనికి, పెద్దవాళ్ళకీ ఈ భయం ఉంది. ఎలక్ట్రాను మీదున్న విద్యుదావేశాన్ని మిలికన్ నూనెబిందువులతో కొలిచాడు. గాలి స్నిగ్ధతకి ఆయన వాడిన విలువ కాస్త తప్పు కావడంవల్ల ఆయన జవాబు కాస్త తక్కువ వచ్చింది. అది పెద్ద నేరం కాదు. ఆ తర్వాత కొలిచినవాళ్ళ జవాబులు ఒక్కసారిగా సరైన విలువకి వెళ్ళకుండా, ఒకరికి కాస్త ఎక్కువ, ఇంకొకరికి మరి కాస్త ఎక్కువ, అలా మెట్లు మెట్లుగా ఎక్కుతూపోయాయట. మిలికన్ అంకెకి మరీ దూరంగా వస్తే ఎక్కడో తప్పు చేశామని వెతుక్కున్నారు, దగ్గరగా వస్తే అంతగా వెతుక్కోలేదు. ఈ సంగతిని రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో కాలిఫోర్నియాలో పట్టభద్రులతో చెప్పాడు. 980 రోగానికి ఇది పెద్దాసుపత్రి కేసు.

వచ్చింది వచ్చినట్టు రాసిపెట్టడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళకి నేను చెప్పే కథ ఒక గాలిబుడగది. కాస్త పొడుగు. మధ్యలో మన మచిలీపట్నం కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

హెన్రీ కావెండిష్ అని ఇంగ్లండులో ఒక మహా సంపన్నుడు. మనుషులంటే బిడియం. ఇంట్లో పనివాళ్ళకి కూడా చీటీలు రాసి చెప్పేవాడట. 1785లో ఆయన గాలిలోని నత్రజని అంతా ఒకే వస్తువేనా అని పరీక్షించాడు. గాలికి ఆమ్లజని కలిపి, విద్యుత్ మెరుపులు పంపితే నత్రజని ఆమ్లజనితో కలిసి మారిపోతుంది, క్షారద్రవం దాన్ని పీల్చేస్తుంది. ఓపిగ్గా అలా చేస్తూపోయి, మిగిలిన ఆమ్లజనిని కూడా తీసేశాడు. ఏమీ మిగలకూడదు. కాని గొట్టం కొసన ఒక చిన్న బుడగ మిగిలింది. ఎంత చేసినా అది కరగలేదు. కావెండిష్ ఆ బుడగని కొలిచి, మొత్తం నత్రజనిలో నూట ఇరవయ్యో వంతుకి మించదని రాశాడు. అంతే. అదేమిటో ఆయనకి తెలియదు. తెలియదని వదిలేయలేదు, తెలిసినట్టు నటించనూ లేదు.

నూరేళ్ళు గడిచాయి. 1892లో రేలీ ప్రభువు నత్రజని బరువు తూస్తున్నాడు. గాలినుంచి తీసిన నత్రజని ఒక బరువూ, అమ్మోనియానుంచి తీసిన నత్రజని ఇంకో బరువూ తూగుతున్నాయి. మొదట వెయ్యింట ఒక వంతు తేడా. సామాన్యంగా అయితే త్రాసుమీదికి నెట్టేసే తేడా. రేలీ తేడాని తగ్గించడానికి కాక, పెంచడానికి ప్రయత్నించాడు! నత్రజనినంతా అమ్మోనియా నుంచే తీసేసరికి తేడా రెండు వందలింట ఒక వంతయింది. ఒక గాజుబుడ్డికి పట్టే గ్యాసు ఒకటి 2.31 గ్రాములు, ఇంకొకటి దాదాపు 2.30. పదకొండు మిల్లీగ్రాముల తేడా. నాకిది అర్థం కావడం లేదు, మీలో ఎవరికైనా తోస్తే చెప్పండని ఆయన అంతకు ముందే ‘నేచర్’ పత్రికకి ఉత్తరం రాశాడు. పేరుప్రతిష్ఠలున్న పెద్దమనిషి అచ్చులో అలా అడగడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. విలియం రామ్సే ముందుకొచ్చాడు. కావెండిష్ రాసిన పాతకాగితాలు తీశారు. రేలీ ఆ మెరుపుల ప్రయోగం మళ్ళీ చేశాడు. బుడగ మళ్ళీ మిగిలింది. దేనితోనూ కలవని ఆ సోమరి గ్యాసుకి 1894లో ఆర్గాన్ అని పేరుపెట్టారు. ఆర్గాన్ అంటే గ్రీకులో సోమరి అనే. నేటి లెక్కల ప్రకారం గాలిలోంచి తీసిన నత్రజనిలో దాని పాలు సుమారు ఎనభై నాలుగింట ఒక వంతు. కావెండిష్ నూట ఇరవై అన్నాడు. మెరుపులు, సబ్బుక్షారం, ఒక గాజుగొట్టంతో చేసినదానికి అది ఎంత దగ్గరో చూడండి! 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఇక మచిలీపట్నం. 1868 ఆగస్టు 18న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాల నుంచి చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. ఆ వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎగసే జ్వాలల వెలుతుర్ని వర్ణపటంగా విడదీసి చూశారు. అందులో ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. ఉప్పుని మంటలో వేస్తే సోడియం వల్ల పసుపు గీత వస్తుందని అప్పటికే అందరికీ తెలుసు, దాన్ని ‘డి’ గీత అంటారు. తెలిసిన జవాబు సిద్ధంగా ఉన్నది: పసుపు గీతా, అయితే సోడియమే. పాగ్సన్ మాత్రం ఆ గీత డి దగ్గర, కాకపోతే దాని పక్కన ఉన్నదని రాశాడు. ఆ ‘కాకపోతే’ అన్న మాట విలువ చూడండి. గ్రహణం కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది, మళ్ళీ చూసి నిర్ధారించుకునే వీలు లేదు. తను ఎంతవరకూ చూశాడో అంతవరకే రాశాడు. అది మద్రాసు వేధశాల ప్రభుత్వ నివేదికలో అచ్చయింది. అలాంటి నివేదికలు ఎవరు చదువుతారు గనక! పేరు వేరేవాళ్ళకి వెళ్ళింది. ఆ ఏడు అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతని చూసి, అది సోడియం గీత కాదని తేల్చాడు. భూమ్మీద ఎక్కడా దొరకని ఆ పదార్థానికి సూర్యుడి పేరుమీదుగా హీలియం అని పేరు పడింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆర్గాన్ దొరుకుతుందేమోనని ఆమ్లంలో మరిగించి చూస్తే, బయటికొచ్చిన గ్యాసులో అదే పసుపు గీత మెరిసింది. కావెండిష్ బుడగని వెతుక్కుంటూ వెళ్ళినవాడికి మచిలీపట్నపు గీత దొరికింది.

సరే, మన పిల్లల రికార్డు దగ్గరికి వద్దాం. ఎలా రాయాలని నన్నడిగే తల్లిదండ్రులున్నారు. ఉద్దేశ్యం అన్నచోట ‘నిరూపించుట’ అని రాయవద్దంటాను. నిరూపించడం అంటే జవాబు ముందే ఖాయం చేసుకుని బయల్దేరడం. ‘మా స్కూల్లో గురుత్వ త్వరణం ఎంత?’ అని ప్రశ్నగా రాస్తే చాలు. పరికరాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, స్కేలులో ఎంత చిన్న గీత ఉన్నదో, గడియారం ఎంత సన్నగా కొలవగలదో మాత్రం రాయాలి. చివర్లో వచ్చే తేడా సగం అక్కడే ఉంటుంది. పద్ధతిలో ‘మేము’, ‘నేను’ అని రాయనివ్వండి, ఆకాశమేమీ ఊడిపడదు. దారం పట్టుకున్నది ఎవరు, గడియారం నొక్కినది ఎవరు అన్నది కూడా పద్ధతే.

పరిశీలనల దగ్గర మాత్రం నేను పట్టుబడతాను. ఆ పట్టికని ప్రయోగం చేస్తున్నప్పుడే, బల్లమీదే, సిరాతోనే రాయాలి. చిత్తు కాగితం మీద రాసి ఇంటికెళ్ళి ఎక్కించే ఆచారంలోనే ఉంది కిటుకంతా. దారిలో అంకెలు మెత్తబడతాయి. ఏదైనా కొలత చెడిందనిపిస్తే రబ్బరుతో చెరపకుండా, కింది అంకె కనబడేట్టు ఒక్క గీత కొట్టి, ఎందుకు కొట్టావో పక్కన రాయాలి. దీనివల్ల పుస్తకం అందం చెడుతుందని మేష్టార్లే ఒప్పుకోరు. అందం గురించి బెంగపెట్టుకునే మేష్టార్లకి బొమ్మల పేజీ ఎలాగూ ఉంది. మైకేల్ ఫారడే పెద్ద చదువులు చదువుకోలేదు. బుక్‌బైండరు దగ్గర పనిచేసిన కుర్రవాడు. ఆయన తన ప్రయోగాల డైరీలో పేరా పేరాకీ వరస నంబరు వేసుకుంటూ వెళ్ళాడు. ఆ నంబర్లు పదహారు వేలు దాటాయి. ఫలించినవీ, ఫలించనివీ అన్నీ అందులో ఉన్నాయి.

ఫలితం దగ్గర మొదట మీకు వచ్చిన అంకె, దాని పక్కన పుస్తకంలో ఉన్న అంకె, బాయిల్ పెట్టినట్టు రెండు గడుల్లో. రెండిటి మధ్య తేడా ఎంత, ఆ తేడా మీ స్కేలు వల్ల, మీ గడియారం వల్ల రాదగినంతేనా, అంతకంటే ఎక్కువా? ఎక్కువైతే, ఎందుకో తెలిస్తే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. ఆ ఒక్క మాట రాసిన రికార్డు నాకు ఇన్నేళ్ళలో మూడో నాలుగో కనిపించి ఉంటాయి.

ఇక చివరగా జాగ్రత్తలు. ఇది రికార్డులో పూర్తిగా మంత్రపుష్పం. ‘గాలి వీచకుండా చూడవలెను. లోలకమును తక్కువ కోణములో ఊపవలెను.’ ఎవరు చూడవలెను, చూశారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. మీరు నిజంగా తీసుకున్న జాగ్రత్త ఒక్కటి రాస్తే చాలు, తీసుకోనిది కూడా రాస్తే మరీ మంచిది. ఒక పల్లెటూరి బడిలో ఒక కుర్రవాడు అక్కడ ఇలా రాశాడు: “ఫ్యాను ఆపడం మరిచిపోయాము. రెండో కొలత అయ్యాక గుండు గుండ్రంగా తిరుగుతుంటే చూసి ఆపాము. మూడోది మాత్రమే సరైనది.” లెక్కలో వాడికి వచ్చిన జవాబు 971. ఆ పేజీకి నేను పూర్తి మార్కులు వేశాను. వాళ్ళ మేష్టారు నావంక అదోలా చూశాడు గాని, ఏమీ అనలేదు.